బొట్టు పెట్టిన చోటే తుప్పు: ఇనప్పెట్టెలో పాడైన రెండు తుపాకుల కేస్ స్టడీ

లైసెన్స్ తుపాకులు బాగుచేయడం నా వృత్తి. షాపుకి వచ్చేవాటిలో కాల్చి కాల్చి అరిగిపోయినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం ఏళ్ల తరబడి కదలకుండా ఉండి పాడైనవే. కోస్తా జిల్లాల నుంచి వచ్చేవైతే మరీనూ. ఈ కేసులో తుపాకుల యజమాని అజాగ్రత్త మనిషి కాదు. నేను చూసినవాళ్లలో ఆయనంత శ్రద్ధ తీసుకునేవాళ్లు అరుదు. అయినా రెండు తుపాకులూ ఇనప్పెట్టెలోనే దెబ్బతిన్నాయి. అందుకే దీన్ని వివరంగా రాసి పెడుతున్నాను. ఊరి ఆనవాళ్లు, కుటుంబం ఆనవాళ్లు తీసేశాను.

నేపథ్యం

గోదావరి జిల్లాల్లో, సముద్రానికి దగ్గర్లో ఉండే వ్యవసాయ కుటుంబం. ఇంటిపెద్దకు డెబ్బై దాటాయి. రెండు తుపాకులున్నాయి. ఒకటి ఆయన తాతగారి నాటి 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) జంట గొట్టాల తుపాకి, ఇంగ్లండులో చేసింది. రెండోది మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315 బోర్ బోల్ట్ రైఫిల్, అంటే పక్కనున్న పిడిని చేత్తో వెనక్కీ ముందుకూ లాగి తూటా ఎక్కించే రకం. సైన్యం, పోలీసులు వాడుతూ వచ్చిన .303 లాంటి బోర్లు మన దేశంలో మామూలు లైసెన్స్‌దారులకు నిషేధం. అందువల్ల రైఫిల్ కావాలనుకున్న రైతు ఇంట ఎక్కువగా కనిపించేది ఈ .315.

ఒకప్పుడు ఇంట్లో మూడు తుపాకులుండేవి. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి ఒక మనిషికి మూడుకు బదులు రెండే అన్నాక ఒకటి వదులుకున్నారు. అప్పటి నుంచి మిగిలిన రెండింటి మీద ఆయనకు మమకారం ఇంకా పెరిగింది. వాటి కోసం ప్రత్యేకంగా ఒక ఇనప్పెట్టె కొన్నారు. లోపల కొలత సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తు, 60 వెడల్పు, 50 లోతు. రెండు ఉక్కు రేకుల మధ్య నిప్పును తట్టుకునే పూరకం ఉన్న రకం. వడ్రంగిని పిలిపించి లోపల ప్లైవుడ్‌తో స్టాండు చేయించి, దానికి ఎర్ర వెల్వెట్ గుడ్డ అతికించారు. పెట్టెను తమ ఏసీ పడగ్గదిలో, బయటి గోడకు ఆనించి నేల మీద పెట్టారు. తుపాకులను కాన్వాస్ కవర్లలో ఉంచి, ఆ కవర్లతోనే స్టాండులో నిలబెట్టేవారు. వినడానికి ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ కనిపించదు.

వచ్చిన సమస్య

2024 ఎన్నికలప్పుడు నియమావళి ప్రకారం తుపాకులను అప్పగించారు. మార్చిలో ఇచ్చినవి జూన్‌లో ఫలితాలు వచ్చాక తిరిగి వచ్చాయి. అప్పటికే గొట్టాల మీద కొంచెం గోధుమ రంగు తిరిగిందట. ఊళ్లో ఎవరో గరుకు కాగితంతో రుద్ది నూనె రాశారు. ఆ ఏడు దసరా అయ్యాక పెట్టెలో పెట్టారు. సంక్రాంతి నాటికి రెండూ తుప్పు పట్టి ఉన్నాయి. జంట గొట్టాల తుపాకి చెక్కకు గుంతలు పడ్డాయి, ముందు చెక్కకు (గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్క) సన్నని చీలిక వచ్చింది.

"అప్పగించిన చోట పాడు చేశారండీ. ఇంట్లో ఉన్నన్నాళ్లూ పువ్వుల్లో పెట్టి చూసుకున్నాం," అన్నారు పెద్దాయన. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది.

ముందుగా రెండింటి ఛాంబర్లూ (తూటా కూర్చునే చోటు) తెరిచి ఖాళీగా ఉన్నాయని చూసుకున్నాను. ఆ తరవాత నేను ప్రతి కేసులోనూ చేసే పని ఒకటుంది. తుడవడానికి ముందే కాగితం మీద తుపాకి బొమ్మ వేసి, ఏ చోట ఏ ఆకారంలో తుప్పు ఉందో గుర్తు పెడతాను. తుప్పు ఆకారమే దాని కారణం చెబుతుంది. తుడిచేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

ఈ బొమ్మలో నాలుగు రకాల గుర్తులు కనిపించాయి. గొట్టాల పొడవునా సన్నని నేత లాంటి తుప్పు, కాన్వాస్ కవరు లోపలి గుడ్డ అచ్చు దిగినట్టు. మూతి దగ్గర, స్టాండు వెల్వెట్‌కు ఆనిన చోట, అడ్డంగా ఒక ముదురు పట్టీ. రైఫిల్ బోల్ట్ పిడి మీద, ట్రిగ్గర్ గార్డు మీద వేలిముద్రలు. వీటన్నిటికంటే లోతైనవి నాలుగో రకం. తుపాకి రెండు పక్కలా లాక్ (కాల్చే యంత్రాంగం) పలకల మీద, గొట్టాల మొదట్లో, రైఫిల్ రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు భాగం) మీద, రూపాయి బిళ్ల కంటే చిన్నవైన గుండ్రని మచ్చలు. కొన్నిటి కింద నిలువుగా ఒక చార. లోహం గుంట పడేంతగా తినేసింది.

ఆ గుండ్రని మచ్చలు నా బొమ్మలో అటూ ఇటూ సమానంగా, ఒక వరసలో వచ్చాయి. గాలిలో తేమ వల్ల పట్టే తుప్పు అంత పద్ధతిగా రాదు. "దసరాకి ఆయుధ పూజలో వీటికి బొట్లు పెడతారా?" అని అడిగాను. కోడలు గారు వెంటనే చెప్పారు: "పెడతామండీ. గంధం, పసుపు, కుంకుమ. ఎదురుగా నిమ్మకాయ కోసి పెడతాం. పూజ బొట్టు తుడవకూడదని అలాగే లోపల పెట్టేస్తాం."

గంధం నీళ్లతో అరగదీసినది. పసుపు, కుంకుమ పైకి ఆరినట్టే ఉంటాయి. కానీ ఆ పొడి పొర గాలిలోని తేమను పీల్చి కింద ఉక్కును తడిగా ఉంచుతుంది, వేలి చెమటలోని ఉప్పు దానికి తోడవుతుంది. నిమ్మరసం చుక్క పడితే అది ఆమ్లం. పైగా మన దగ్గర దసరా వచ్చేది తుపానుల కాలానికి సరిగ్గా ముందు. అక్టోబరులో బొట్టు పెట్టి, ఏడాదిలో అతి తేమ ఉన్న వారాల్లో తలుపు మూసి పెట్టినట్టయింది.

అప్పగించిన చోట ఏమీ జరగలేదని నేను అనను. కానీ ఆ నెలల్లో బొట్టు ఆకారంలో తుప్పు పట్టే అవకాశం లేదు. కవరు అచ్చు, వెల్వెట్ పట్టీ కూడా ఇంటి పెట్టెనే చూపిస్తున్నాయి. ఈ మాట పెద్దాయనకు చెప్పడం కష్టమైంది. చెప్పకపోతే మాత్రం నేను ఎంత బాగుచేసి ఇచ్చినా వచ్చే సంక్రాంతికి అదే కథ.

వాళ్లు అప్పటికే చేసినవి

ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను, ఎందుకంటే వీటిలో చాలావరకు మన ఇళ్లలో అందరూ చేసేవే. నాఫ్తలీన్ ఉండలు వేశారు. అవి పురుగులకు పనికొస్తాయి, తేమకు కాదు. గుడ్డలో బియ్యం మూటకట్టి పెట్టారు. నిల్వ బియ్యంలోనే బరువులో 12 నుంచి 14 శాతం నీరు ఉంటుంది. అవి పీల్చేది తక్కువ, పెట్టెలోకి తెచ్చేది ఎక్కువ. కొబ్బరినూనె దండిగా రాశారు. వంటనూనెలు కాలం గడిచేకొద్దీ పాడై, జిడ్డుగా మారి, లాకుల్లో చేరి దుమ్ముని పట్టుకుంటాయి. నిలబెట్టిన తుపాకిలో అదనపు నూనె కిందికి జారి, లాకు వెనక చెక్క మెడలోకి ఇంకిపోయింది. అక్కడ చెక్క నల్లబడి, గోరు గుచ్చితే దిగేంత మెత్తగా ఉంది. తుపాకి ఎదురుదెబ్బ అంతా మోసే చోటు అదే.

పోయిన వానాకాలంలో ఎవరో చెబితే పెట్టెలో ఒక చిన్న బల్బు కూడా వెలిగించారు. వేడి పెడితే తేమ తగ్గుతుందన్న ఆలోచన సరైనదే. కానీ బల్బు ముందు చెక్కకు జానెడు దూరంలో ఉంది. ఆ వైపే చెక్క ఎండి చీలింది. గుడ్డ, చెక్క, నూనె ఉన్న మూసిన పెట్టెలో బల్బు వెలిగించడం అగ్ని ప్రమాదం కూడా. తూటాలు కూడా అందులోనే ఉన్నాయని తెలిసినప్పుడు నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. తోలు బెల్టులో గుచ్చి పెట్టారు. తోలును పదును చేసే రసాయనాల వల్ల తూటాల ఇత్తడి అడుగులు ఆకుపచ్చగా చిలుమెక్కాయి. ఆ రోజే తూటాలను వేరే తాళం పెట్టెలోకి మార్పించాను, చిలుమెక్కినవి వాడవద్దని చెప్పాను.

తుపాకులకు చేసిన వైద్యం

దీన్ని త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అసలు పాఠం పెట్టెలో ఉంది. ఒక నిర్ణయం మాత్రం చెప్పాలి. రైఫిల్‌కు బ్లూయింగ్, అంటే ఉక్కు మీద తుప్పును ఆపే నీలి నలుపు పూత, మళ్లీ వేయడం తేలిక. జంట గొట్టాల తుపాకికి అలా కుదరదు. రెండు గొట్టాలనూ మధ్య పట్టీనీ మెత్తని తగరం–సీసం టంకంతో అతికిస్తారు. ఉప్పుల వేడి తొట్టిలో ముంచి చేసే బ్లూయింగ్‌లో ఉండే క్షారం ఆ టంకాన్ని తినేస్తుంది. తెలియని చోట ఇచ్చి అతుకు ఊడిపోయిన తుపాకులు నా దగ్గరికి వచ్చాయి. అందుకని పలచని నూనెలో నానబెట్టి, కంచు పీచుతో వదులు తుప్పు తీసి, గొట్టాలను డిస్టిల్డ్ నీటిలో మరిగించాను. అలా మరిగిస్తే మిగిలిన ఎర్ర తుప్పు నల్ల ఆక్సైడ్‌గా మారి నిలకడ పడుతుంది, పాత రంగులో కలిసిపోతుంది.

గుంటలు పోయేదాకా అరగదీయమని పెద్దాయన కోరారు. నేను ఒప్పుకోలేదు. పాత ఇంగ్లిషు గొట్టాల్లో మూతి వైపు గోడ మందం చాలాసార్లు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందం కోసం లోహం తీసేస్తే బలం పోతుంది. చెక్క మెడలో ఇంకిన నూనెను సుద్దపొడి, అసిటోన్ కలిపిన ముద్దతో పలుమార్లు లాగాను. గుంతలు పడిన చోట తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టిస్తే చాలావరకు లేచాయి. ఆ గుంతలు ఎలా పడ్డాయో కొలిచి చూస్తే తెలిసింది. స్టాండులో రెండు తుపాకులూ మరీ దగ్గరగా ఉన్నాయి. ఒకటి తీసినప్పుడల్లా రైఫిల్ బోల్ట్ పిడి పక్కదాని చెక్కకు కొట్టుకునేది.

పెట్టె మీద మొదటి ప్రయత్నం, అది చాలకపోవడం

తుపాకులు ఇంకా నా దగ్గర ఉండగానే ఖాళీ పెట్టెను పరీక్షించాలనుకున్నాను. అందులో ఒక తేమ మీటరు, అర కిలో నీలం సిలికా జెల్ పెట్టించాను. నీలం జెల్ తేమ పీల్చేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతుంది. వెల్వెట్ స్టాండును, పెట్టె ఉన్న చోటును అప్పటికి మార్చలేదు. ఎంత చిన్న మార్పుతో పని జరుగుతుందో తెలియాలి కదా.

కొద్ది రోజులకే జెల్ అంతా గులాబీ అయింది. మీటరు 75 శాతం దగ్గరే ఉంది. ఉక్కు మీద తుప్పు వేగం పెరిగేది సుమారు 60 శాతం దాటాకే. జెల్ ఇంకా ఎక్కువ పెడదామని ఇంట్లోవాళ్లు అన్నారు. నేను ముందు లెక్క వేయమన్నాను.

32 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు సుమారు 27 గ్రాముల నీరు ఉంటుంది. ఈ పెట్టె లోపలి చోటు అర ఘనపు మీటరు కూడా లేదు. అంటే లోపలి గాలిలో ఉన్న నీరంతా కలిపితే 12 గ్రాములు, రెండు మూడు చెంచాలు. అర కిలో జెల్ వంద గ్రాముల దాకా పీల్చగలదు. అది అంత త్వరగా నిండిందంటే, ఆ నీరు లోపలి గాలిది కాదు. తలుపు సందుల నుంచి కొత్త గాలి వస్తూ ఉండాలి, లేదా పెట్టెలోనే ఏదో తడి దాచుకుని వదులుతూ ఉండాలి.

రెండూ నిజమే. తలుపు చుట్టూ కాగితం పెట్టి మూసి లాగితే పై వైపు ఒక్కటే గట్టిగా పట్టింది, మిగతా మూడు వైపులా కాగితం జారి వచ్చేసింది. వెల్వెట్ ఊడదీస్తే ప్లైవుడ్ వెనక బూజు కనిపించింది. పెట్టెను ముందుకు జరిపితే వెనక గోడ పెయింటు ఉబ్బి ఉంది. దానికి అవతల స్నానాల గది.

మూడో కారణం తేలడానికి వాళ్ల దినచర్య అడగాల్సి వచ్చింది. రాత్రంతా ఏసీ. తెల్లారి ఏసీ ఆపి కిటికీలు తీస్తారు. పెద్దాయన కాఫీ తాగి, వారానికొకసారి పెట్టె తెరిచి తుపాకులు తీసి చూసుకుంటారు, మళ్లీ పెట్టేస్తారు. రాత్రి 24 డిగ్రీలకు చల్లబడిన బరువైన ఉక్కు వేడెక్కడానికి గంటలు పడుతుంది. 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న బయటి గాలి 28 డిగ్రీల కంటే చల్లనిది ఏది తగిలినా నీటి పొర కట్టేస్తుంది. అంటే ప్రేమతో తీసి చూసుకున్న ప్రతిసారీ గొట్టాల మీద కంటికి కనిపించనంత పలచగా నీరు పట్టేది. ఆ నీటితో, ఉత్త చేతుల ముద్రలతో తిరిగి లోపల పెట్టి తాళం వేసేవారు. ఏసీ గది పొడిగా ఉంటుందన్న నమ్మకం ఏసీ నడుస్తున్నంతసేపే నిజం. ఇది చాలామందికి తెలియదు, చెబితే ఆశ్చర్యపోతారు.

పనిచేసినవి

పెట్టెను ఏసీ లేని లోపలి గదికి మార్పించాను. లోపలి గోడకు నాలుగు వేళ్ల సందు వదిలి, నేల నుంచి ఎత్తుగా దిమ్మెల మీద నిలబెట్టి, బోల్టులతో బిగించాం. ప్లైవుడ్, వెల్వెట్, కాన్వాస్ కవర్లు అన్నీ తీసేశాం. కొత్త ప్లైవుడ్, అతికించే జిగురు వదిలే ఆమ్లపు ఆవిర్లు లోహానికి మంచివి కావు. మ్యూజియంలలో ఆయుధాలు ఉన్న గాజు పెట్టెల్లో వాటిని దగ్గరికి రానివ్వకపోవడానికి అదే కారణం. కొత్త స్టాండును పౌడర్ కోటింగ్ చేసిన ఇనప పట్టీలతో చేయించాం. తుపాకి ఆనే చోట మాత్రమే, నీరు పీల్చని పాలిథిలీన్ నురగ ముక్కలు. స్పాంజి లాంటి మెత్తని నురగ వాడనివ్వలేదు. అది తేమ పడుతుంది, కొన్నేళ్లకు జిగురుగా కరిగి లోహానికి అతుక్కుంటుంది. తుపాకుల మధ్య పిడికిలి పట్టేంత దూరం పెట్టాం, బోల్ట్ పిడి గోడ వైపు తిరిగేలా.

తలుపుకు చుట్టూ రబ్బరు పట్టీ వేయించి, ఓవెన్‌లో వేడి చేసి ఆరబెట్టిన జెల్‌ను ఖాళీ పెట్టెలో మళ్లీ మళ్లీ మార్చాం. రేకుల మధ్య పూరకంలో ఎంత నీరు దాగి ఉంటుందో పైనుంచి తెలియదు. అది బయటికి వచ్చేదాకా ఓపిక పట్టాలన్నది నా పట్టుదల. పెద్దాయనకు ఇంట్లో తుపాకులు లేకపోవడం ఇబ్బందిగానే ఉన్నా ఒప్పుకున్నారు. కొన్ని వారాలకు జెల్ రంగు మారడం నెమ్మదించి, మీటరు 50 దగ్గర నిలిచింది. అప్పుడే తుపాకులు తిరిగి ఇచ్చాను. మీటరు 40 కంటే కిందికి దిగనివ్వవద్దని కూడా చెప్పాను. అతిగా ఎండితే చెక్క చీలుతుంది, ఆ ముందు చెక్క ఇప్పటికే ఒకసారి చీలింది.

వానాకాలానికి అదనంగా, అడుగున తక్కువ వాట్ల హీటర్ రాడ్డు పెట్టాం. తూటాలు, గుడ్డ, విప్పిన నూనె డబ్బా ఏవీ లోపల లేవని చూశాకే. రాడ్డు నీటిని తీసేయదు, గాలిని కొంచెం వెచ్చబరుస్తుంది. 32 డిగ్రీల గాలిని 37కు తెస్తే 80 శాతం తేమ సుమారు 61కు దిగుతుంది. అది ఒక్కటే చాలదు, కానీ మిగతా భారం మోయడం జెల్‌కు తేలికవుతుంది. వెచ్చని చోట జెల్ పీల్చే శక్తి తగ్గుతుంది కాబట్టి దాన్ని రాడ్డుకు దూరంగా పెట్టాలి.

లోహానికి నూనె బదులు మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే సన్నని స్ఫటికాల మైనం) పట్టించాను. బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో రూపొందిన రెనసాన్స్ వ్యాక్స్ ఈ రకమే. జారిపోదు, చెక్కకు హాని చేయదు, దాని మీద వేలిముద్ర పడినా లోహం దాకా వెళ్లదు. గొట్టం లోపల మాత్రం పలచగా తుపాకి నూనె, శుభ్రం చేసిన తరవాత కొన్నాళ్లు మూతి కిందికి వచ్చేలా ఉంచడం. మూతికి గుడ్డ కుక్కవద్దని గట్టిగా చెప్పాను. అది తేమ పడుతుంది. మరిచిపోయి కాలిస్తే గొట్టం పేలిపోవచ్చు.

ఇక పూజ సంగతి. బొట్టు మానేయమని నేను అడగలేదు. ఆ ఇంట్లో ఆ తుపాకికి తాతగారి పేరుతోనే పూజ జరుగుతుంది. అది మానమంటే నా మాట మొత్తం వినడం మానేసేవారు, వాళ్ల స్థానంలో నేనున్నా అంతే. లోహానికి తడి తగలకుండా ఉంటే చాలు, మీరే ఆలోచించండి అన్నాను. కోడలు గారు ఆలోచించి దారి చెప్పారు. తుపాకులను ఆరిన పట్టుగుడ్డ మీద పడుకోబెట్టి పూలు పక్కన పెట్టడం, గంధం, పసుపు, కుంకుమ బొట్లు ఇనప్పెట్టె తలుపుకు పెట్టడం. పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "కాపాడేది అదే కదమ్మా, దానికే పెట్టు," అన్నారు.

తరవాత

ఆ తరవాతి దసరా, తుపానుల కాలం రెండూ గడిచాక తుపాకులు చూశాను. కొత్త తుప్పు లేదు. పాత గుంటలు అలాగే ఉన్నాయి. వాటిలో మైనం నిలిచి ఉందో లేదో ఏటా చూడాలి, ఎందుకంటే తేమ మొదట చేరేది గుంటల్లోనే. రైఫిల్ ట్రిగ్గర్ గార్డు మీద ఒక వేలిముద్ర కనిపించింది. పెద్దాయనకు నూలు చేతి తొడుగులు ఇచ్చాను, వేసుకోవడం ఇంకా అలవాటు కాలేదు.

ముందు చెక్క చీలికను జిగురుతో బిగించాను కానీ అది నాకు ఇంకా అనుమానమే. వేసవిలో మీటరు ఎంత దిగుతుందో రాసి పంపమన్నాను. తుపాను వస్తే కరెంటు రోజుల తరబడి పోవచ్చు, అప్పుడు రాడ్డు పనిచేయదు. అందుకని హెచ్చరిక రాగానే జెల్‌ను ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడి చేసి, చల్లారాక లోపల పెట్టి, వాన వెలిసేదాకా తలుపు తీయకుండా ఉంచాలి. ఆ పని ఇప్పుడు కోడలు గారు చూస్తున్నారు.